వీపుతో చూసే వన్నక్ బాబాయ్

భవనాన్ని కళ్ళతో కాదు, వీపుతో చూడాలన్నది వన్నక్ బాబాయ్ సిద్ధాంతం. కంబోడియా రాజధాని నోమ్‌పెన్‌లో వాస్తుశిల్పి, మహానుభావుడు నూ పిసేత్ కట్టిన భవనాలన్నీ ఆయన రిక్షాకి కంఠతా వచ్చు. మనల్ని ఎక్కించుకుని తీసుకెళ్తాడు, గేటు దగ్గర దింపుతాడు, సీటు కింద నుంచి మడతపెట్టిన గుడ్డ ఉయ్యాల తీసి గేటుకి ఎదురుగా రెండు స్తంభాలకి కట్టి పడుకుంటాడు. ఆయన చూడటం అక్కడితో అయిపోయినట్టే.

"అదేమిటి బాబాయ్, లోపల మెట్లు చూపించరా?" అని మొదటి రోజు అడిగాను.

"మెట్లు ఎక్కడికి పోతాయి మాస్టారూ? అరవై ఏళ్ళుగా అక్కడే పడి ఉన్నాయి. మీరెళ్ళి పలకరించి రండి. పిసేత్ గారు కట్టింది గోడలు కాదు, గాలి. గాలిని వీపుతో చూడాలి."

గళ్ళ తువాలు మొహం మీద కప్పుకుని గురక మొదలెట్టాడు.

నేను భవన నిర్మాణం పాఠాలు చెప్పేవాణ్ణి. అంటే ఇటుక ముట్టకుండా ఇటుక గురించి మూడు గంటలు మాట్లాడగలవాణ్ణి. పైగా పిసేత్ గారి మీద పుస్తకం రాస్తున్నాను. అలాంటివాడి చెవిన గురక పడితే ఊరుకుంటాడా? సిద్ధాంతం లేవదీశాను. గాలి ఎంత బాగా ఆడితే బాబాయ్‌కి అంతసేపు నిద్ర. ఒక స్టాప్‌వాచీ కొన్నాను. పట్టిక తయారుచేశాను. గ్రంథాలయం పది నిమిషాలు. ఈతకొలను హాలు ఇరవై అయిదు. నది ఒడ్డున పాత టెలిఫోన్ భవనం గంటా పది. మూతపడ్డ సినిమా హాలు దగ్గర మాత్రం ఆయన ఉయ్యాల విప్పనే లేదు. 'ఇక్కడ మహానుభావుడు తప్పులో కాలేశాడు' అని ఆ హాలు మీద నాలుగు పేజీలు దంచాను. సభల్లో పట్టిక చూపిస్తే పెద్దవాళ్ళు తలలు ఊపారు. ఎవరైనా తల ఊపితే చాలు, నా కలానికి ఇంకో పేజీ వస్తుంది.

ఒక్కటే అర్థమయ్యేది కాదు. నా అయిదు ముద్రల అనుమతి ఉత్తరానికి తెరుచుకోని గేట్లు ఆయన ఉయ్యాల కనబడగానే తెరుచుకునేవి. అదంతా ఆయన నవ్వు మహిమ అనుకున్నాను. అద్దం ముందు నిలబడి అలా నవ్వడం సాధన చేశాను కూడా. మా ఆవిడ పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమంది.

పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు రోజు, మధ్యాహ్నం, గంటా పది లెక్క సరిచూసుకుందామని ఇద్దరం టెలిఫోన్ భవనానికి వెళ్ళాం. బాబాయ్ ఉయ్యాలెక్కి గురక పెడుతున్నాడు. నేను స్టాప్‌వాచీ పట్టుకుని నలభయ్యో నిమిషం దాటిస్తున్నాను. అంతలో గేట్లోకి ఒక మోటారు సైకిలు తిరిగింది. గురక టక్కున ఆగింది.

"మాస్టారూ, కొంప మునిగింది," అన్నాడు తువాలు కింద నుంచి. "వచ్చేవాడు కాపలా కంపెనీ సూపర్‌వైజరు. పోయిన నెల పోస్టు దగ్గర లేరని ఇద్దర్ని పీకేశాడు. మన సువోన్ ఇంకా బల్లకట్టు మీదే ఉన్నాడు."

సువోన్ అంటే అక్కడి కాపలా మనిషి.

"బల్లకట్టు మీదా? ఎందుకు?"

"ఇల్లు అవతలి ఒడ్డున. పెళ్ళాం కాలు విరిగి మంచంలో ఉంది. జావ కాచి ఇచ్చి రావద్దూ? వచ్చేదాకా గేటు నేను చూస్తాలే అన్నాను."

"మీరు... నిద్రపోవడం లేదా?"

"ఏనాడు పోయాను? తువాలు సందులోంచి గేటే కనిపిస్తుంది. గురక పెట్టకపోతే మీరు ప్రశ్నలు ఆపరు కదా."

"మరి ఈతకొలను ఇరవై అయిదు నిమిషాలు?"

"ఆ కాపలా అమ్మాయి పక్క వీధికెళ్ళి పసిదానికి పాలిచ్చి రావద్దూ?"

"సినిమా హాలు?" అన్నాను.

"అక్కడ ఇద్దరున్నారుగా మాస్టారూ. నాతో పనేముంది?"

నా నాలుగు పేజీలూ కళ్ళ ముందు తిరిగాయి. సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు, సూపర్‌వైజరు వచ్చేశాడు.

"సువోన్ ఏడీ? ఈ ఉయ్యాలేమిటి?"

బాబాయ్ నా వైపు చూశాడు. సువోన్ ఉద్యోగం నా నాలిక చివర వేలాడుతోంది. సంచిలోంచి పట్టికా ఉత్తరమూ తీశాను.

"పరిశోధన సార్! ఇక్కడ గాలిని కొలుస్తున్నాం. మనుషులు అడ్డొస్తే లెక్క తప్పుతుందని సువోన్‌ని అవతలికి పంపించింది నేనే. ఇదిగో పట్టిక, ఇదిగో అయిదు ముద్రల ఉత్తరం. మీలాంటి బరువైన అధికారి ఒక్కసారి పడుకుంటేగానీ ఫలితం తేలదు."

పూర్తిగా అబద్ధమని తెలిశాక ఆ పట్టిక గురించి అంత నమ్మకంగా మాట్లాడటం నాకదే మొదటిసారి.

"డ్యూటీలో నేను పడుకోవడమా?"

"అయిదే నిమిషాలు. పుస్తకంలో మీ పేరేస్తాం."

సూపర్‌వైజరు అటూ ఇటూ చూశాడు. బూట్లు విప్పాడు. నది మీది గాలి జాలీ గోడలోంచి దూరి, ఉయ్యాల కింద నుంచి పైకి లేచింది. నాలుగో నిమిషంలో ఆయన గురక పెట్టాడు. అది అసలు సిసలు గురక.

అరగంటకి సువోన్ ఖాళీ క్యారియరుతో రొప్పుతూ వచ్చి, ఉయ్యాల్లో ఎవరున్నారో చూసి కొయ్యబారిపోయాడు. బాబాయ్ అతని టోపీ సరిచేసి గేటు దగ్గర నిలబెట్టాడు. మూడు దాటాక సూపర్‌వైజరు లేచి మూతి తుడుచుకున్నాడు. ఎదురుగా సువోన్ సెల్యూట్ కొట్టాడు.

"కాపలా బాగానే ఉంది," అని సూపర్‌వైజరు గంభీరంగా చెప్పి వెళ్ళిపోయాడు.

బాబాయ్ ఉయ్యాల వంకే చూస్తూ, "నిజంగానే నిద్ర పడుతుందన్నమాట!" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ గాలిలో పడుకుంటున్న మనిషి, ఒక్క కునుకు తీయలేదు.

"ఎక్కండి బాబాయ్. ఇవాళ మీ వీపుతో మీరే చూడండి. గేటు నేనూ సువోనూ చూస్తాం."

"స్టాప్‌వాచీ పెట్టనంటే ఎక్కుతా."

పెట్టలేదు. అచ్చులో పట్టిక అంతా కొట్టేసి ఒక్క వరుస ఉంచాను: 'టెలిఫోన్ భవనం, సూపర్‌వైజరు గారు, నాలుగు నిమిషాల్లో గురక.' పుస్తకం మొత్తంలో నేను నిజంగా కొలిచింది అదొక్కటే. సినిమా హాలు గురించి మహానుభావుడికి నాలుగు పేజీల క్షమాపణ రాశాను. ఇప్పుడు నా సంచిలోనూ ఒక ఉయ్యాల ఉంది. ఈతకొలను హాలు మధ్యాహ్నం వంతు నాదే. గురక మాత్రం ఇంకా సరిగ్గా కుదరడం లేదు.