కుండకు పెట్టిన బొట్టు

నేను మతం మారానన్న సంగతి మా వదినె చెబితేనే నాకు తెలిసింది.

పటాన్‌చెరు దగ్గర ఇంజెక్షన్ మందులు సీసాల్లో నింపే కంపెనీలో నా ఉద్యోగం. ఆ నింపే గదిలోకి పోవాలంటే ఒంటి మీద మన సొంతదేదీ ఉండకూడదు. గాజులు, కమ్మలు, కాటుక, పౌడరు, తలలో పువ్వు, నుదుట బొట్టు, అన్నీ బయటే వదిలేయాలి. నా లాకరు పక్క లాకర్లో ఇంకొకామె తన బురఖా మడతపెట్టి దాచుకుంటుంది. తెల్ల గౌను, టోపీ, మాస్కు, కళ్ళద్దాలు తొడుక్కున్నాక ఆమె ఎవరో నేనెవరో సూపర్‌వైజరుకు కూడా తెలియదు. గొంతు విని గుర్తుపట్టాల్సిందే.

మొదట్లో షిఫ్టు కాగానే అద్దం ముందు నిలబడి స్టిక్కరు బొట్టు మళ్ళీ అంటించుకునేదాన్ని. ఒకరోజు బస్సు పోతుందని మానేశాను. మర్నాడు బద్ధకమేసి మానేశాను. ఆ జిగురుతో వచ్చే దురద పోయింది, నుదురు హాయిగా ఉంది, ఇక పెట్టుకోలేదు. ఇందులో సిద్ధాంతం గాడిదగుడ్డు ఏమీ లేదు. ఉందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మేముండేది కిష్టారెడ్డిపేటలో, అపార్ట్‌మెంటులో. మా అత్తగారివాళ్ళది పటేల్‌గూడ పాత ఊరు. అక్కడి ఇల్లు కంపెనీల్లో పనిచేసే పిల్లలకు కిరాయికిచ్చి అత్తమ్మ మాతోనే ఉంటోంది. మా ఆయన అక్క, అంటే మా వదినె, ఆ ఊళ్ళోనే ఉంటుంది. వారం వారం తల్లిని చూడడానికి వస్తుంది, పనిలో పనిగా నన్నూ చూసిపోతుంది. ఆ రెండో చూపంటే నాకు దడ.

మా కింది అంతస్తులో ఒక టీచరమ్మ ఉంది. చర్చికి పోతుంది, మంచి మనిషి. ఒక ఆదివారం పొద్దున లిఫ్టులో ఎదురై "వందనాలు సిస్టర్" అంది. పెద్దావిడ నోరారా వందనాలు అంటే మూతి ముడుచుకుని నిలబడతామా? నేనూ "వందనాలండీ" అన్నాను. నా వెనక మా వదినె టిఫిను డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. బొట్టు లేని నుదురు, ఆదివారం, వందనాలు. లిఫ్టు మా అంతస్తుకు చేరేలోపు ఆమె కేసు తేల్చేసింది.

"అవ్వా, నీ కోడలు కిరస్తానంల కల్సింది. నా చెవులార విన్న" అంది లోపలికి అడుగు పెడుతూనే.

నేను పకపకా నవ్వాను. నవ్వడమే తప్పయింది. తర్వాత ఎంత చెప్పినా అది దొరికిపోయిన మనిషి నవ్వులాగే కనబడింది.

"కంపెనీల పెట్టనియ్యరు వదినె" అన్నాను.

"కంపెనీల పెట్టనియ్యరు, సరే. ఇంట్ల ఎవలు వద్దన్నరు?"

మా వదినె నోరు చెడ్డదేగాని బుర్ర చురుకు.

మామూలు రోజుల్లో అయితే ఈ లొల్లి రెండు పూటల్లో చల్లారేది. కాని అప్పుడు ఆషాఢం. పటేల్‌గూడ పోచమ్మకు మా ఇంటి బోనం, అంటే నైవేద్యపు కుండ, ఏటా అత్తమ్మే నెత్తికెత్తుకుంటుంది. ఈసారి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. మా ఇంట్లో బోనం అత్త నెత్తి మీంచి కోడలి నెత్తి మీదికి రావాలి. ఇప్పుడు వంతు నాది.

"బోడి నొసలుతోని అమ్మకు బోనమెత్తుతదా? నేనెత్తుత" అంది వదినె.

"ఒక్కరోజు పెట్టుకో, పోయేదేముంది? లొల్లి ఒడుస్తది" అన్నాడు మా ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

నిజమే, పోయేదేమీ లేదు. కాని వద్దన్న పని చేసి చూపించడం, చెయ్యమన్న పని ఎగ్గొట్టడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. అదొక్కటే అయితే మొండితనం అనుకుని సర్దుకునేదాన్ని. లోపల ఇంకో భయం ఉంది. బోనం దక్కకపోతే దక్కకపోనీ, అత్తమ్మ నన్ను దేవుడు లేని మనిషి అనుకుంటుందేమోనని. ఆమె నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. ఆమె దగ్గర చులకనైతే నేను తట్టుకోలేను. పైగా, నాలో భక్తి లేదన్న అనుమానం నాకే ఉండేది.

మా నాన్న పోయినప్పుడు మనశ్శాంతి కోసం తిరగని గుడి లేదు. దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే బయట విడిచిన చెప్పులు గుర్తొచ్చేవి. టీచరమ్మ పిలిస్తే ఒకసారి ప్రార్థనకూ పోయి కూర్చున్నాను. పాటలు బాగున్నాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని మా నాన్న కోసం ఏడ్చింది కూడా. నాకు మాత్రం ఫ్యాను చప్పుడే వినబడింది. ఈ ముక్క వదినెకు చెప్పలేదు, బతికి బట్టకట్టాలి కదా!

చిత్రమేమిటంటే, నా మనసు కుదుటపడింది కంపెనీలో. నింపే గదికి ముందు ఒక చిన్న అర ఉంటుంది. మనం వచ్చిన తలుపు పూర్తిగా మూసుకుని, గాలి శుభ్రమైతే తప్ప అవతలి తలుపు తెరుచుకోదు. ఫోను ఉండదు, మాట ఉండదు. చేతులు దేనికీ తగలకుండా ఛాతీ ముందు పెట్టుకుని నిలబడాలి. చూసేవాళ్ళకు దండం పెడుతున్నట్టే ఉంటుంది గాని అది కంపెనీ రూలు. పైనుంచి గాలి దిగుతుంటుంది. నాన్న పోయిన కొన్నాళ్ళకు ఒకరోజు అక్కడ నిలబడితే, ఎన్నాళ్ళుగానో మోస్తున్నదేదో దిగిపోయింది. ఏడుపు రాలేదు. ఏమీ కోరుకోలేదు. ఎవరో తోడున్నట్టు అనిపించింది, ఆ ఎవరో ఎవరని అడగబుద్ధి కాలేదు. అప్పటినుంచి రోజూ ఆ కాసేపటి కోసమే డ్యూటీకి పోతున్నానా అన్నట్టు ఉండేది. ఇది దేవుడంటే ఎవరు ఒప్పుకుంటారు? నవ్వరూ?

బోనాల ఆదివారం పొద్దున అత్తమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని కొత్తకుండకు పసుపు పూస్తోంది. వదినె ఇంకా రాలేదు. నేను బెల్లమన్నం కలుపుతున్నాను. అత్తమ్మది మామూలుగానే తక్కువ మాట, మనసులో ఏదైనా ఉంటే ఇంకా తక్కువ. ఆ వారమంతా ఆమె మాట్లాడిందే లేదు.

"నువ్వు ఏ దేవుని మొక్కుతవు బిడ్డా? నిజం చెప్పు. నేనేమనను" అంది, కుండ మీంచి చూపు తిప్పకుండా.

గరిటె పక్కన పెట్టేశాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"కంపెనీల ఒక చిన్న అర్ర ఉంటది అత్తమ్మా. ఒక తలుపు మూసుకుంటెనే ఇంకో తలుపు తెర్సుకుంటది. గంతదాంక ఆడ నిలవడాలె. నాకు ఆడనే మంచిగనిపిస్తది."

"ఆడ ఫోటో గిట్ల ఉన్నదా?"

"ఏం లేదు. గోడలే."

"మరి ఏమని మొక్కుతవు?"

"ఏమనను. ఊకె నిలవడుత."

"ఊకెనే?"

"ఊకెనే."

ఆమె పసుపు పూసిన చోటే మళ్ళీ పూస్తోంది. అనవసరంగా వాగానేమో, మొగుడి మాట విని ఓ బొట్టు పెట్టుకుంటే పోయేదని తిట్టుకున్నాను. అంతలో "గా కుంకుమ భరిణె ఇటియ్యి" అంది. నా నుదుటికేననుకుని మెడ బిగబట్టాను. ఆమె నా వంక చూడనైనా లేదు. కుండ చుట్టూ తీరుగా బొట్లు పెట్టుకుంటూ పోయింది. మూతి చుట్టూ వేపరెమ్మలు కట్టింది.

వదినె రానే వచ్చింది. పట్టుచీర, నిండు గాజులు, ఎత్తడానికి తయారుగా ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"దీని నొసటికేదే బొట్టు?"

"కుండకు పెట్టిన" అంది అత్తమ్మ. "అమ్మ తినేది కుండల బువ్వ. దీని మొఖం కాదు. ఎత్తు బిడ్డా."

వదినె పక్కకు జరిగింది. వాళ్ళమ్మ ఒకసారి ఎత్తమన్నాక మా ఇంట్లో ఇక వాదన ఉండదు. ఆ క్షణంలో నాకు అత్తమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది, కాని నెత్తి మీద అప్పటికే కుండ ఉంది.

పక్కనే ఉన్న పటేల్‌గూడకు నడిచే పోయాం. ఊళ్ళో డప్పులు మోగుతున్నాయి. కుండ మీద దీపం. దారిలో ఒక ముసలమ్మ నన్ను ఆపినంత పనిచేసి, "గీ పిల్లకు బొట్టేది?" అని వదినెను అడిగింది. అయిపోయిందనుకున్నాను.

"కుండకు పెట్టినం, కనవడ్తలేదా? కండ్లద్దాలు తెచ్చుకో పో" అని కసిరింది మా వదినె. నన్ను అనే హక్కు తనదే, ఊరిది కాదు! నవ్వాపుకోవడం కష్టమైంది, తల కదిలితే కుండ పోతుంది.

దారిపొడుగునా నాకు అమ్మవారు గుర్తుకు రాలేదు. మెడ నొప్పి, కాళ్ళ కింద కంకర, నెత్తి మీద ఊగుతున్న బరువు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళకు పూనకం వచ్చి ఊగుతున్నారు. గుడి ముందు కుండ దించగానే "హమ్మయ్య" అన్నాను. పోచమ్మ ముందు నా నోట వచ్చిన మాట అదొక్కటే.

సాయంత్రం ఇంటికొచ్చాక అత్తమ్మ బాల్కనీలో కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. నన్ను పక్కన కూర్చోమంది.

"ఎత్తినప్పుడు ఏమనిపించింది బిడ్డా?"

పొద్దున ఒక నిజం చెప్పాను, బతికే ఉన్నాను. ఇంకొకటి చెబితే ఏమవుతుందిలే అనుకున్నాను.

"కుండ పడతదేమోనని భయమైంది అత్తమ్మా. ఇంకేం అనిపియ్యలె."

ఆమె చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. కోపమొచ్చిందేమోనని తలెత్తి చూశాను. ఆమె నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు.

"నాకు గూడ గంతే" అంది. "పెండ్లయి వచ్చినకాడికెల్లి ఎత్తిన. ఒక్కనాడు అమ్మ యాదికి రాలె. కుండ పడొద్దు, కుండ పడొద్దు, గిదే. పక్కపొంటోళ్ళకు అమ్మ ఒంటి మీదికొస్తుంటె, నాకొక్కదానికే భక్తి లేదు గావచ్చనుకున్న. ఎవలకు చెప్పుకుంటం?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను, నూనెచెయ్యి.

"నాట్లేసేటప్పుడు," అంది, "జెర నడుము లేపి నిలవడుతం సూడు, చల్లగాలి కొడ్తది. గప్పుడు మంచిగనిపిస్తుండె. ఏం అనకపోతుంటి, ఊకె నిలవడుతుంటి." నా వైపు తిరిగింది. చిన్నపిల్ల అడిగినట్టు మెల్లగా అడిగింది.

"గది గూడ మొక్కుడేనా బిడ్డా?"

"మొక్కుడే అత్తమ్మా" అన్నాను.