రిపోర్టరు చెయ్యెత్తిన ఉదయం

టిల్లీ డ్రైలింగ్ ఆ చలికాలమంతా ఉదయం ఐదూ నలభైకి ఒక కప్పు కాఫీ తాగేది. మళ్ళీ సాయంత్రం ఐదు దాకా చుక్క నీళ్ళు ముట్టేది కాదు.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పడమటి మూల మా కౌంటీ కోర్టులో ఆమె రిపోర్టరు. సాక్షులు, వకీళ్ళు, జడ్జి నోరు విప్పితే చాలు, ప్రతి మాటా ఆమె వేళ్ళ కిందున్న స్టెనో మెషీన్‌లోకి వెళ్ళిపోవాలి. అలా ఇరవై ఆరేళ్ళు. మొదటి పదిహేనేళ్ళు మగవాడిగా వచ్చింది. పదకొండేళ్ళ కిందట వేసవి సెలవులయ్యాక నాయనమ్మ పేరు ఒట్టీలియా, పిలుపుకి టిల్లీ, అని పెట్టుకుని, బూడిద రంగు స్కర్టులో వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. ఊరు ఆ ఏడాదంతా దాని గురించే మాట్లాడుకుంది. మరుసటి ఏడాది గోధుమ ధర పడిపోవడంతో మాట అటు మళ్ళింది.

కొత్త చట్టం వచ్చిన వారం కోర్టు జవాను లీరాయ్ రెండో అంతస్తులో మరుగుదొడ్ల తలుపుల మీద కాగితాలు అంటించాడు. ప్రభుత్వ భవనాల్లో ఎవరైనా సరే, పుట్టినప్పుడు రాయించిన లింగం ప్రకారమే వాడుకోవాలి. టిల్లీ అతని వెనకాలే నిలబడి చదివింది. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

"నాకేమన్నా సరదానా టిల్లీ? పైనుంచి వచ్చింది, అంటించాను."

"వంకరగా ఉంది. సరిగ్గా అంటించు."

"మగవాళ్ళ దాంట్లోకి పోరాదూ? కాగితం ఒప్పుకుంటుందిగా."

"ఈ స్కర్టుతో వెళ్ళి సాక్షి పక్కన నించోమంటావా? పది నిమిషాలు పోతే అతని సాక్ష్యం నేనే రాయాలి. అతను ఏ మొహం పెట్టుకుని చెప్తాడు, నేను ఏ మొహం పెట్టుకుని రాస్తాను?"

లీరాయ్ కాగితం పీకి, మళ్ళీ తిన్నగా అంటించాడు.

భవనం పాతది, విడిగా మరో గది లేదు. దగ్గరున్నదల్లా వీధికి అవతల నాడీన్ కాఫీ హోటలే. రెండు అంతస్తులు దిగాలి, మంచు గడ్డకట్టిన ఇటుక రోడ్డు దాటాలి. తిరిగొచ్చాక కోర్టు గుమ్మం దగ్గర బూట్లు విప్పి మళ్ళీ తనిఖీ. ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు పడుతుంది. కోర్టు ఇచ్చే విరామం పది నిమిషాలు. రిపోర్టరు కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడకూడదు, మాట్లాడినా లెక్కలోకి రాదు. తన మూలంగా కోర్టు ఆగిందన్న మాట టిల్లీ ఎన్నడూ పడలేదు. అందుకే నీళ్ళు మానేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం హోటలుకు వెళ్ళేది. నాడీన్ క్యాబేజీ, మాంసం కూరిన బన్ను ముందు పెట్టేది.

"ఒసేయ్, సూపైనా తాగవే. ఎండిపోయిన మొక్కజొన్న కండెలా అయిపోయావు."

"సూపు కూడా నీళ్ళేగా నాడీన్."

జనవరి చివర ఒక విచారణ మొదలైంది. ఎవరో గేటు వెయ్యక ఆవులు హైవే ఎక్కాయి, లారీ బోల్తా పడింది. గేటు వెయ్యనిది ఎవరన్నదే తగవు. రెండో రోజు మధ్యాహ్నం ప్రతివాది వకీలు లేచి, సాక్షి చెప్పిన చివరి జవాబు చదివి వినిపించమన్నాడు. టిల్లీ మెషీన్ తెర వంక చూసింది. ప్రశ్న ఉంది. దాని కింద ఏమీ లేదు. చెవులు విన్నాయి, వేళ్ళు కదల్లేదు. ఆమె ఒళ్ళు అప్పటికే కాలిపోతోంది.

"జవాబు నా దగ్గర లేదు, జడ్జి గారూ," అంది.

జడ్జి బ్రంగార్ట్ ఆ ప్రశ్న మళ్ళీ అడిగించాడు. కోర్టు ముగిశాక టిల్లీని తన గదికి పిలిచాడు.

"ఒంట్లో బాగోలేదా?"

"జ్వరం."

"ఇంకోసారి ఇలా జరిగితే వేరే రిపోర్టర్ని పిలవక తప్పదు టిల్లీ. వకీలు అప్పుడే అడిగాడు. చట్టం నేను చేసింది కాదు. అలాగని రికార్డులో కంతలుంటే నేను ఊరుకోలేను."

"కంతలుంటే నేనూ ఊరుకోలేను," అంది టిల్లీ.

డాక్టరు చూసి కిడ్నీకి ఇన్ఫెక్షన్ సోకిందన్నాడు. మందులు రాశాడు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు, తప్పితే ఆస్పత్రి అన్నాడు.

మర్నాడు ఆమె పెద్ద నీళ్ళ సీసా తెచ్చి మెషీన్ పక్కన పెట్టింది. పదీ ఐదుకి సాక్షి గేటు గొలుసు గురించి చెబుతూ ఉండగా చెయ్యి ఎత్తింది. మాట వినబడకపోతే రిపోర్టరు చెయ్యెత్తడం మామూలే.

"వినబడలేదా?" అన్నాడు జడ్జి.

"వినబడింది. నాకు విరామం కావాలి. పాతిక నిమిషాలు."

వకీలు లేచాడు. "అభ్యంతరం, యువరానర్! సాక్షి సగంలో ఉన్నాడు. రిపోర్టరుకు విరామం అడిగే హక్కు ఎక్కడుంది? కారణమైనా చెప్పాలి కదా."

జడ్జి టిల్లీ వైపు చూశాడు.

"బాత్రూమ్‌కి వెళ్ళాలి. ఈ భవనంలో నాకు వీల్లేదు. వీధి దాటి వెళ్ళి రావాలి," అంది.

చెబుతుండగానే ఆమె వేళ్ళు కదిలాయి. తన మాట తనే రాసుకుంది. రాసేవాళ్ళు రికార్డులో కనబడకూడదని కొత్తవాళ్ళకు నేర్పేది ఆమే.

జ్యూరీ రెండో వరసలోంచి ఒక ముసలి రైతు, "మా ఆవులు కూడా నీళ్ళకోసం ఇంత దూరం పోవు," అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అది కూడా రాశారా?" అన్నాడు జడ్జి.

"రాశాను."

"మరో రిపోర్టరు కావాలంటే దగ్గరలో ఉన్నావిడ నూట నలభై మైళ్ళ అవతల ఉంది, ఏప్రిల్ దాకా ఖాళీ లేదు. నేను కనుక్కున్నాను," అన్నాడు వకీలుతో. "కూర్చోండి. పాతిక నిమిషాలు విరామం."

టిల్లీ కోటు వేసుకుంది. లీరాయ్ తలుపు తెరిచి పట్టుకుని, "మెట్ల మీద ఉప్పు చల్లించాను, జాగ్రత్త," అన్నాడు.

విచారణ మూడు రోజుల్లో అవుతుందనుకున్నది నాలుగో రోజు మధ్యాహ్నానికి తేలింది. ఓడినవాళ్ళు అప్పీలుకు వెళ్తూ పూర్తి రికార్డు అడిగారు. టిల్లీ నాలుగు వందల పన్నెండు పేజీలు సరిచూసి, సంతకం పెట్టి పంపింది. విరామం అడిగిన చోటల్లా ఆ మాటలు, కారణం యథాతథంగా ఉన్నాయి. మొత్తం తొమ్మిది చోట్ల.

మార్చి పదో తేదీన మరో విచారణ ఉంది. గుమాస్తా దాన్ని మొదట మూడు రోజులని రాశాడు. ఇప్పుడు అది కొట్టేసి, నాలుగు అని రాశాడు.