పద్నాలుగు కోళ్లకు పసుపు

మా ఊళ్లో ఎవరింటికైనా కొత్త కోడలు వస్తే, పసుపు డబ్బా ఎక్కడుందో చూపించే ముందు నా కథ చెబుతారు. కాబట్టి ఊరు చెప్పకముందే నేనే చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుందని ఈ ప్రయత్నం. మా అత్తమ్మ నాలుగేళ్లు కష్టపడి పెంచిన కోళ్లమందను నేను ఒక్క పూటలో, ఒంటిచేత్తో, పోచమ్మకు రాసిచ్చేశాను. అదీ తెలియకుండా. చదువురానివాళ్లు తెలియక చేస్తే జనం పోనీలే అంటారు. బీఎస్సీ చదివి తెలియక చేసినదాన్ని ఏమంటారో మీరే ఊహించుకోండి.

మా పుట్టిల్లు గద్వాల. నాన్నకు పుస్తకాలూ పెన్నులూ అమ్మే దుకాణం. కోడి అంటే నాకు తెలిసినవి రెండే రూపాలు: అట్టలో వరుసగా కూర్చునే గుడ్డు, కుక్కర్లో ఉడికే కూర. ఆ రెండింటికీ మధ్య ఈకలున్న జీవి ఒకటుంటుందని పెళ్లయి బిజినేపల్లి దగ్గరి ఈ ఊరికి వచ్చాకే గమనించాను. పైగా మా పుట్టింటి దేవుడు కొబ్బరికాయతో సరిపెట్టుకునే దేవుడు. మొక్కు కోళ్ల సంగతులు మా ఇంట్లో ఎవరూ మాట్లాడగా వినలేదు.

ఆ ఏడు దసరా వెళ్లిన మూడో రోజు అత్తమ్మ కొల్లాపూర్ బయల్దేరింది. అక్కడ మా ఆడబిడ్డకు రెండో కాన్పు. నెల రోజులు ఉండి రావాలి. మా ఆయన పొద్దున్నే పత్తి చేనుకు పోతే దీపాలు పెట్టేవేళకు గానీ వచ్చేవాడు కాదు. అందుకని కోళ్లు నా చేతికి వచ్చాయి. అవి మామూలు కోళ్లు కావు. మామయ్య పోయిన ఏడు అత్తమ్మ ఒకే ఒక్క పెట్టతో మొదలుపెట్టి, వాటికి నూకలు వేస్తూ, వాటితో మాట్లాడుతూనే మెల్లగా మనిషయింది. పదమూడు పెట్టలు, ఒక ఎర్ర పుంజు. ఒక్కొక్కదానికి ఒక్కో పేరు, ఒక్కో తిట్టు.

బస్సు కోసం నిలబడి నాకు జాగ్రత్తలన్నీ చెప్పింది. చివర్న, "ఎర్ర పుంజు పోచమ్మ మొక్కుది. దాని జోలికి పోకు," అంది.

"ఏం మొక్కు అత్తమ్మా?"

"తీరినంక చెప్త." బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి మళ్లీ వెనక్కి తిరిగింది. "పద్నాలుగు ఇచ్చి పోతున్న. నేను వచ్చేసరికి పద్నాలుగు చూపియ్యాలె."

నేను నవ్వాను. డిగ్రీ చేసినదాన్ని, పద్నాలుగు కోళ్లు నాకొక లెక్కా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. ఆ తర్వాత వాతావరణానికి మతి చలించింది. తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కానంత చలి, మధ్యాహ్నం ఎండాకాలం లాంటి ఎండ, సాయంత్రం ఉత్తపుణ్యానికి నాలుగు చినుకులు. ఒకరోజు పొద్దున గూడు తలుపు తీస్తే, లోపల ఎవరో దిండు చింపినట్టు నిండా ఈకలు. పెట్టలు బయటికొచ్చాయి. ఒకదానికి మెడ లేదు, అంటే మెడ ఉంది గానీ దాని మీద ఏమీ లేదు. ఇంకోదానికి తోక లేదు. మూడోది వీపు మీద అక్కడక్కడ నాలుగు ఈకలు నిలుపుకొని, అవి కూడా ఎప్పుడు పోతాయో అన్నట్టు నన్ను చూస్తోంది. ఆ వారంలోనే గుడ్లు కూడా ఆగిపోయాయి.

ఏదో తెగులు తగిలిందనీ, అత్తమ్మకు పద్నాలుగు కాదు, నాలుగు కూడా చూపించలేననీ అనుకున్నాను. పశువుల దవాఖానకు పోదామంటే ఆదివారం. ఫోన్లో వీడియోలు చూశాను. ఒకాయన ఇది చలి వల్ల అన్నాడు, గూట్లో బల్బు పెట్టాను. ఒకావిడ ఇది వేడి వల్ల అంది, బల్బు తీసి మజ్జిగ పోశాను. ఇంకొకాయన పేలు పట్టాయన్నాడు, పొయ్యిలోని బూడిదంతా తెచ్చి చల్లాను. కోళ్లకంటే ముందు నేను తుమ్మాను. మా ఆయన్ని అడిగితే, "నాకు పత్తి తెలుసు గానీ కోళ్లు తెల్వవు," అని ముద్ద కలుపుకున్నాడు.

అప్పుడు మేలుకుంది నాలోని బీఎస్సీ. మంద మొత్తంలో ఒక్కటే నిగనిగలాడుతోంది, ఎర్ర పుంజు. ఒక్క ఈక రాలలేదు. తోక కొడవలిలా వంగి ఉంది. మిగతావాటికి లేనిది దీనికేముందని పరిశీలించాను. మెడ మీద పసుపు మరక. అంతే, నాకు జ్ఞానోదయమైంది. పసుపు పెట్టినదానికి ఈకలున్నాయి, పెట్టనివాటికి ఊడాయి. అంటే అత్తమ్మ దీనికి ముందే వైద్యం చేసింది. ప్రయోగశాలలో కూడా ఇంత స్పష్టమైన ఫలితం రాదని నన్ను నేను మెచ్చుకున్నాను.

గిన్నెడు పసుపు ఆముదంలో కలిపాను, వానకు కారిపోకుండా. ఒక్కో పెట్టను పట్టుకుని మెడ నుంచి కాళ్ల దాకా పూశాను. పుంజుకు కూడా ఇంకో పూత వేశాను. పురుగూ పుట్రా రాకుండా గూటి చుట్టూ వేపకొమ్మలు కట్టాను. పని పూర్తయ్యేసరికి కోళ్లూ నేనూ ఒకే రంగులో ఉన్నాం.

మర్నాడు ముసురు పట్టింది. ఎదురింటి బాలమ్మత్త తన అరుగు మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో పల్లికాయ ఒలుస్తోంది. మా కోళ్లు తడుస్తూ వీధి దాటి పరుగెత్తి, సరిగ్గా వాళ్ల ముందు వరుసగా నిలబడి, పద్నాలుగూ ఒకేసారి ఒళ్లు విదిలించుకున్నాయి.

మా వైపు వాళ్లకు ఇప్పటికే విషయం అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటారు. తక్కినవాళ్లకు చెబుతాను. అమ్మవారికి మొక్కిన కోడికి పసుపు పూస్తారు, వేపాకు పెడతారు, నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఇక ఆ కోడి అమ్మవారిది, కోయాల్సిందే. ఇవన్నీ నాకు అప్పటికి తెలియవు. నాకు కనిపించింది మాత్రం, నలుగురు పెద్ద మనుషులు పల్లికాయ వదిలేసి నా కోళ్లకు చేతులు జోడించడం.

"అన్నిటికి పెట్టినవా పిల్లా?" అంది బాలమ్మత్త, గొంతు తగ్గించి.

"అన్నిటికి పెట్టిన అత్తా. ఒక్కదాన్ని గూడ విడువలే."

"మీ అత్తకు ఎరుకేనా?"

"ఇప్పుడే ఎందుకు చెప్పుడు? ఆమె వచ్చేసరికి అంత అయిపోతది."

"నీది పెద్ద మనసు," అంది. నా వైద్యాన్ని మెచ్చుకుందనుకుని నేను సిగ్గుపడ్డాను.

ఆ రోజు నుంచి నాకు ఊరు అర్థం కావడం మానేసింది. నీళ్ల దగ్గర ఆడవాళ్లు నాకు దారి ఇస్తున్నారు. ఒకావిడ వచ్చి ఎప్పుడని అడిగింది. రెండో పూత సంగతి అడుగుతోందనుకుని వచ్చే మంగళవారం పొద్దున అన్నాను. ఆమె ఆ మాట పట్టుకుని పరుగులాంటి నడకతో పోయింది. సాయంత్రానికి ఎవరో పెద్ద గంగాళం తెచ్చి మా వాకిట్లో దించారు. ఇంకెవరో కట్టెలు పంపారు. ఏం కోరుకున్నావు, మగపిల్లాడా, ఉద్యోగమా అని ఒక ముసలవ్వ నా గడ్డం పట్టుకుని అడిగింది. కోళ్లు మంచిగుంటే చాలవ్వా అంటే, అయ్యో పిల్లా అని నన్ను చాలాసేపు చూసింది.

డప్పు కొట్టే ఎల్లయ్య మామ కూడా వచ్చి, ఇంటి దగ్గర నుంచి కొట్టాలా, గుడి దగ్గర కొడితే చాలా అని అడిగాడు. పల్లెల్లో కోళ్లకు మందు వేస్తే డప్పు కూడా కొడతారు కాబోలనుకున్నాను. ఇంటి దగ్గర నుంచే కొట్టమన్నాను, కోళ్లు చప్పుడుకు అలవాటు పడతాయని. ఆయన తల గీరుకుంటూ వెళ్లాడు. ఆ వారం మా ఊళ్లో ఎవరికి ఎవరు అర్థమయ్యారో నాకిప్పటికీ తెలియదు.

సోమవారం పొద్దున బాలమ్మత్త మళ్లీ వచ్చింది. "కోసేటోళ్లకు చెప్పినవా? పద్నాలుగంటే ఒక్కనితోని కాదు."

"దేన్ని కోస్తరు అత్తా?"

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. మా ఇద్దరి మధ్య నుంచి మెడ లేని పెట్ట ఒకటి నడిచిపోయింది. అప్పుడు ఆమె అక్కడే కూర్చుని నాకు మొత్తం విడమరచి చెప్పింది. నేను పసుపు మందని చెప్పాను, ఆముదం గిన్నె చూపించాను, ఏడ్చాను. ఆమెకు జాలి వేసింది గానీ మాట మారలేదు. "అమ్మ ఒప్పుకున్నంక మళ్ల వెనుకకు తీసుకోరాదు బిడ్డా. ఊరికి మంచిగాదు."

గూటి పక్కన కూలబడ్డాను. పద్నాలుగు చూపించమని ఒక్క మాట అడిగిన మనిషి. మామయ్య లేని ఇంట్లో ఆమెను లేపి నిలబెట్టిన కోళ్లు. నాకు నిజంగా గుండె చెరువైంది. మా ఆయన చేనులోంచి వచ్చి కథంతా విని, చాలాసేపు ఆలోచించి, భర్తగా తన నిర్ణయం చెప్పాడు: "అమ్మకు నువ్వే చెప్పు."

ఫోన్ చేశాను. కోళ్లెట్లున్నయని అడిగింది. పద్నాలుగూ ఉన్నాయన్నాను, అది నిజమే కదా. జర తొందరగా రమ్మన్నాను. నా గొంతు విని, పొద్దున్నే బయల్దేరుతానంది.

మంగళవారం మొదటి బస్సుకు అత్తమ్మ దిగింది. వాకిట్లో గంగాళం, కట్టెలు, డప్పు, సగం ఊరు. మధ్యలో పద్నాలుగు పసుపుపచ్చ కోళ్లు, వాటి పక్కన తలవంచుకుని నేను. ఆమె సంచి కింద పెట్టి, నన్ను దాటి పోయి, ఒక పెట్టను పట్టుకుని మెడ తడిమింది. ఇంకోదాన్ని తడిమింది. నా వేలు తీసుకుని ఆ బోడి మెడ మీద పెట్టింది. చర్మం కింద సన్నటి మొలకలు గుచ్చుకున్నాయి.

"కొత్త ఈకలు," అంది. "ఏడాదికోపారి చలి ముంగల పాత ఈకలు రాల్చి కొత్తయి ఏసుకుంటయి. అప్పుడు గుడ్లు గూడ పెట్టవు. ఇది రోగం గాదు పిల్లా. దానికి నువ్వు పసుపు పెట్టినవా?"

నేను తలూపాను. అత్తమ్మ జనం వైపు తిరిగింది. "బాలమ్మా, తోక లేని కోడిని అమ్మకు ఇస్తమా?"

బాలమ్మత్త ఆలోచించింది. "అవిటిదాన్ని ఇయ్యరాదు."

"మరి ఈ పిల్ల పసుపు దేనికి పెట్టింది? ఈకలకు. ఈకలే అమ్మయి. రాలినయన్ని ఏరి ఇచ్చేస్త. మిగిలినయి గూడ రాలంగనే తెచ్చి ఇస్త. అమ్మ సొమ్ము ఒక్క ఈక గూడ ఉంచుకోను."

జనం ముఖాలు చూసుకున్నారు. లెక్కలో తప్పెక్కడుందో ఎవరికీ దొరకలేదు. అలా ఆ మంగళవారం మా వాకిట్లో నుంచి పోచమ్మ గుడి దాకా డప్పు మోగింది. నా నెత్తి మీద ఒక గంప, గంప నిండా ఈకలు. గాలి వీచినప్పుడల్లా నాలుగు లేచి నా ఆముదం చేతులకు అంటుకునేవి. గుడి చేరేసరికి అందరిలోకీ ఈకలు బాగా ఉన్న కోడిని నేనే.

తిరిగొచ్చాక ఎల్లయ్య మామ ఒక్కడే వదల్లేదు. "ఎర్ర పుంజు తోక మంచిగనే ఉన్నది గద వదినా. అది ముందటి మొక్కే గద. దాన్నన్న ఇయ్యి."

"దాని మొక్కు ఇంక తీరలే," అంది అత్తమ్మ.

"గంతగనం ఏం మొక్కినవ్?"

అత్తమ్మ నన్ను చూసింది, పసుపు చేతులు, జుట్టులో ఈకలు, అన్నీ. "కొత్త కోడలికి జర తెలివి రావాలని మొక్కిన. మీరే చూస్తున్నరు గద."

ఎల్లయ్య మామ డప్పు భుజాన వేసుకుని నడిచాడు. ఖాళీ గంగాళం తెచ్చినవాళ్ల ఇంటికి పోయింది. మరో నెలకు పెట్టలన్నీ కొత్త ఈకలతో మెరుస్తూ గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. పుంజు మాత్రం ప్రతి బోనాల ముందూ నా ముఖంలోకి అత్తమ్మ చూసే చూపు పుణ్యమా అని ఏడాది తర్వాత ఏడాది బతుకుతూ పోయింది. చివరికి ముసలిదై, చూపు మందగించి, పోయిన చలికాలంలో ఎండలో కూర్చుని దానంతట అదే కన్నుమూసింది.

అందుకని పదిమంది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈకలున్న ఏ ప్రాణికీ ఇక నేను వైద్యం చెయ్యను. చెయ్యాల్సి వచ్చినా పసుపు వాడను. పులిహోర కలిపేటప్పుడు కూడా చుట్టుపక్కల కోళ్లేమైనా ఉన్నాయేమో చూసుకుంటాను.

మొన్న దసరాకు అత్తమ్మ ఒక పడుచు పుంజును పట్టుకుని మెడకు పసుపు రాసింది. దేనికని నేను అడగలేదు.