జేబులోని కుంచె

పెద్దమ్మ తన నీడను కూడా ఓ కంట కనిపెడుతూనే ఉంటుంది. ఇంటికి తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తుంది. "నేను వేస్తే నమ్మవు సరే, నువ్వు వేసినా నమ్మవేంటే?" అంటాడు మొగుడు.

ల్యాబులో ప్లనేరియా అనే చదును పురుగుల గది చూసుకునేది ఆమే. ఆ పురుగును ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్ళీ నిండు పురుగవుతుంది. ఆ మరమ్మతంతా మూలకణాల పని. వాటి జాడ తెలియడానికి ల్యాబు నడిపే మేడమ్ పురుగులకు పెట్టే లివర్ ముద్దలో ఒక గుర్తు మందు కలిపిస్తుంది. విడిపోయి రెండయ్యే కణం ఆ గుర్తును తన డీఎన్‌ఏలో కలుపుకుంటుంది. తరవాత రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే పచ్చగా మెరుస్తుంది. పోల్చి చూసుకోవడానికి పక్క గిన్నెలోని పురుగులకు మందు లేని లివర్ పెడతారు. అవి మెరవకూడదు.

ఈసారి అవీ మెరిశాయి.

పెద్దమ్మ చూపు తిన్నగా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మీదికి పోయింది. పురుగుల్ని గిన్నెల్లోకి మార్చే మెత్తటి కుంచెను పెద్దమ్మ ఎవరి చేతికీ ఇవ్వదు, కోటు జేబులోనే దాచుకుంటుంది. వచ్చీ రాగానే ఈ పిల్ల, "గిన్నెకో కుంచె పెట్టుకుందామా పెద్దమ్మా?" అని అడిగింది. తన పనికే ఎసరు పెడుతోందని పెద్దమ్మకు అప్పుడే మండింది. ఇప్పుడిక ఆ పిల్ల చేతులు ఎక్కువసేపు కడిగితే ఏం దాస్తోందోనని, గబగబా కడిగితే ఎంత నిర్లక్ష్యమోనని వెయ్యి కళ్ళతో చూసింది.

తరవాతిసారీ మందు లేని పురుగులు మెరిశాయి. "ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు మేడమ్" అని చెప్పేసింది.

"ఆ గిన్నె నేను ముట్టుకోనే లేదు పెద్దమ్మా."

"దొరికినవాళ్ళంతా అదే అంటారు."

మేడమ్ ఆ అమ్మాయిని ఇక రావద్దంది.

తరవాత పని మొత్తం పెద్దమ్మ ఒక్కతే చేసింది, గదికి తాళం వేసి మరీ. అయినా మందు లేని గిన్నెలోని పురుగులు మెరిశాయి. ఊడ్చేవాణ్ణి అనుమానించింది, మేడమ్‌ను అనుమానించింది, గేటు దగ్గర క్యారియర్ ఇచ్చి వెళ్ళిన మొగుణ్ణి కూడా వదల్లేదు. ఎవరికీ ఆ గదిలోకి దారి లేదు. అప్పుడు జేబులో చెయ్యి పెట్టి కుంచె తీసింది. వెంట్రుకల మొదట్లో లివర్ ముద్ద ఎండి అట్టకట్టి ఉంది. మందు గిన్నెలోంచి పక్క గిన్నెలోకి దాన్ని మోసింది తన చెయ్యే.

కుంచెను తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టింది. "ఆ పిల్లను పిలిపించండి."

"మళ్ళీ ఏం చేసింది?"

"తనేం చెయ్యలేదు. చేసింది నేను."

మేడమ్ ఆ అమ్మాయికి ఫోను కలిపింది. అవతల మోగుతున్నంతసేపూ కళ్ళు మాత్రం పెద్దమ్మ చేతుల మీదే ఉన్నాయి. ఆ పిల్ల చేతుల్ని పెద్దమ్మ అచ్చం అలాగే చూసేది.