బ్రేకు డిస్కు మీద నూనె

శ్రీకాకుళంలో గేర్ల సైకిళ్ళ షాపులో నేను మెకానిక్‌గా పనిచేసిన రోజుల్లో, మాఘమాసం వచ్చిందంటే చేతికి ఖాళీ ఉండేది కాదు. పొద్దుటి మంచు పలచబడేది. జీడితోటలు పూతకొచ్చేవి. చలికాలమంతా మెట్ల కింద మూలపడ్డ, కొండలెక్కే సైకిళ్ళన్నీ ఒక్కసారిగా బయటికొచ్చేవి. ఆదివారం తెల్లవారుతూనే సాలిహుండం కొండెక్కి దిగేవాళ్ళంతా శనివారం సాయంత్రం మా షాపు ముందు గుమిగూడేవారు.

షాపు మా అమ్మకి వరసకు తమ్ముడైనాయనది. మావా అని పిలిచేదాన్ని. మా నాన్న దగ్గర పంక్చర్లు వెయ్యడంతో మొదలుపెట్టి నేర్చుకున్న పని నాది. ఆడమనిషి రెంచి పట్టుకుందని వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి చూసేవారు. అదీ వ్యాపారానికి మంచిదే అనుకునేవాడు మావ.

ఆ ఏడు ఒక సైకిలు మమ్మల్ని పట్టి పీడించింది. దాని యజమాని ఒక లెక్చరరు, ఉండేది కళింగపట్నంలో. బ్రేకు పట్టడం లేదు, నొక్కితే కీచుమంటోందని తెచ్చాడు. చక్రం మధ్యలో పళ్ళెంలా ఉండే బ్రేకు డిస్కు మీద నూనె జిడ్డు కనిపించింది. ఆ డిస్కుని రెండువైపులా ఒత్తి ఆపే ప్యాడ్లు నూనె తాగితే ఇక పనికిరావు. కొత్తవి వేసి, డిస్కుని స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాను. వారం తిరక్కుండానే మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ అదే జిడ్డు. మళ్ళీ బాగుచేసి ఇచ్చాను.

ఆ తర్వాత వచ్చినప్పుడు మోచేతికి కట్టుంది. కొండ దిగుతుంటే బ్రేకు పట్టక పడ్డాడట.

"మీ దగ్గర బాగుచేయించిన ప్రతిసారీ ఇలాగే అవుతోంది. ఏమనుకోమంటారు?" అన్నాడు మావతో. నావైపు చూడను కూడా చూడలేదు.

అతను వెళ్ళాక మావ నా చేతులకేసి చూశాడు. "ఒసే, కావాలనే సేస్తన్నావేటి?"

"నానెందుకు సేస్తాను మావా?"

"బస్‌స్టాండు దగ్గర కొత్త షాపోడు నిన్ను పనికి పిలిసేడంట కదా. నాకు తెల్దనుకున్నావా?"

పిలిచిన మాట నిజమే. నేను వెళ్ళనన్న మాట మావకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పినా నమ్మలేదు. ఆ రోజు నుంచి నూనె స్ప్రే సీసా ముట్టుకున్నా, గుడ్డ పిండినా అతని చూపు నా వీపుకి తగులుతూనే ఉండేది.

నాకూ మావ మీద అనుమానం లేకపోలేదు. లెక్చరరు వచ్చిన ప్రతిసారీ "ఇది పాతదయిపోనాది సార్, కొత్తది తీసుకోండి" అనేవాడు. షాపు తాళాలు అతని దగ్గరే ఉండేవి. నేను ఇంటికెళ్ళాక ఆ డిస్కు మీద అతనేమైనా రాస్తున్నాడా? అనుకోవడానికే సిగ్గేసింది గానీ అనుకోకుండా ఉండలేకపోయాను. ఈసారి సైకిలు ఇచ్చేసే రోజు కావాలనే లెక్చరరు ముందర డిస్కు మరోసారి తుడిచి, తెల్లగుడ్డ చూపించాను. గుడ్డ శుభ్రంగానే ఉంది. మరి ఆ నూనె ఇంటికెళ్ళాక అంటుకుంటోందా?

మంగళవారం షాపుకి సెలవు. ఎవరికీ చెప్పకుండా కళింగపట్నం బస్సెక్కాను. చేపలు ఎండబెట్టిన వీధిలో లెక్చరరు ఇల్లు ఎక్కడని అడిగితే చూపించారు. అతను కాలేజీకి వెళ్ళిపోయాడు. పెరట్లో ముసలాయన ఒకరు, లెక్చరరు తండ్రి, సైకిలు తలకిందులుగా నిలబెట్టి గుడ్డతో రుద్దుతున్నాడు. పక్కన డబ్బా.

"ఏటి తాతా పూస్తన్నావు?"

"ఇంజన్ ఆయిలమ్మా. ఉప్పుగాలికి ఇనుం బతకదు కదా. బోటుకి సేసినట్టే దీనికీ సేస్తన్నాను. సంద్రానికెల్లడం మానీసినాను, ఇదైనా సూసుకోవద్దా?"

"ఆ పళ్ళేనిక్కూడానా?"

"దానికే ముందు పూస్తాను. నిగనిగలాడిపోతాది."

నేనెవరో చెప్పి, ఆ పళ్ళేనికి నూనె తగిలితే ఏమవుతుందో చెప్పాను. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"అయితే మావోడు పడ్డది నా వల్లేనా?"

డబ్బాకి మూత బిగించి దూరంగా నెట్టేశాడు.

"నువ్వు ఎవులికీ సెప్పకే తల్లీ. నానే సెప్పుకుంటాను."

సరేనన్నాను. తిరుగుబస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది. చెప్పకపోతే? డబ్బా దాచేసి ఊరుకుంటే? అంత మెత్తటి మనిషిని కూడా అనుమానించే స్థితికి వచ్చేశాను.

మర్నాడు మావ అడిగాడు. "నిన్న బస్‌స్టాండులో కనిపించావంట. ఎవులికోసమెల్లావు?"

మాటిచ్చాను కనక నోరు విప్పలేదు. నా మౌనం చూసి అతను తలూపుకున్నాడు, తను అనుకున్నదే నిజమన్నట్టు.

కొద్దిరోజులకి ముసలాయన కొడుకుతో కలిసి ఆటోలో సైకిలు వేయించుకుని వచ్చాడు. మావ ముందు నిలబడి అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. లెక్చరరు నావైపు తిరిగి, "మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను" అన్నాడు. తండ్రిని టీ తాగిస్తానని బయటికి తీసుకెళ్ళాడు.

వాళ్ళు గుమ్మం దాటగానే మావ గొంతు తగ్గించాడు. "ఆ ముసలాయనకి ఇలా సెప్పమని నువ్వే నేర్పేవేటి?"

రెంచి కింద పెట్టేశాను. "కొడుకు ముందర ఆయన కన్నీళ్ళెట్టుకున్నాడు కదా. అదీ నానే నేర్పేనా?"

మావ బల్ల మీది సామాన్లు సర్దడం మొదలెట్టాడు. ఇక దాచుకోవడం ఎందుకనిపించింది. "కొత్త సైకిలు అమ్ముకోడానికి నువ్వే నూనె రాస్తన్నావని నానూ అనుకున్నాను, మావా."

"నన్నా?" మొహం ఎర్రబడిపోయింది. "ఇంట్లో మడిసిని అట్టుకుని అలాగెలాగనుకున్నావే?"

"నువ్వు నన్ననుకున్నట్టే."

ఇద్దరం చెరో పక్కకి తిరిగాం. నేను కొత్త ప్యాడ్లు వేసి, డిస్కు తుడిచి, సైకిలు గోడకి ఆనించాను. మావ వచ్చి దాన్ని రోడ్డు మీదికి దించాడు. అతను సైకిలెక్కడం నేనెప్పుడూ చూడలేదు. పంచె ఎగ్గట్టి నాగావళి వంతెన వైపు తొక్కుకుంటూ వెళ్ళాడు. నా పని మీద నమ్మకంతో ఎక్కాడో, నన్ను పరీక్షించడానికే ఎక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చి షాపు ముందు బ్రేకు నొక్కాడు. చప్పుడు లేకుండా ఆగింది.

"పడతన్నాది" అన్నాడు, ఎటో చూస్తూ. టీ కొట్టు దగ్గరున్న లెక్చరరుని కేకేసి పిలిచాడు.