తలుపు వేసిన పదం

ఉత్సవానికి రెండు రోజుల ముందు కమిటీ కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "అమ్మా, భక్తి కీర్తనలు పాడండి చాలు. ఆ శృంగార పదాలు వద్దండీ. జనం ఫ్యామిలీలతో వస్తారు" అన్నారు.

ఆయన అన్నది మా డెల్టాలో పుట్టిన పదకర్త పదాల గురించి. ఉత్సవం ఆయన పేరుమీదే, ఆయన ఊళ్లోనే. ఊరి గుళ్లో పాట మొదలుపెట్టి, రాజుల కొలువులన్నీ తిరిగి, చివరికి సొంత ఊరు చేరి కన్నుమూసిన మనిషి. ఆయన పేరు నిలిచిందే ఆ పదాలతో. విజయవాడ భవానీపురంలో మా ఇంటికి సంగీతానికి వచ్చే పిల్లలకి నేను నేర్పేవీ అవే. ఆయన ఊళ్లోనే అవి పాడకూడదా?

"పదం కూడా పాడతానండీ" అన్నాను.

"చూద్దాంలెండి" అని పెట్టేశారు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నేనూ, వయొలిన్ వాయించే లలితా విజయవాడ బస్టాండులో బందరు బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూసి కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు ఇచ్చాడు. కంకిపాడు దాటాక, వయొలిన్ పెట్టె చూసి ముందు సీటు పెద్దాయన ఎక్కడికని అడిగి మాట కలిపారు. రిటైరైన తెలుగు మాస్టారట.

"ఆ పదకర్త పరమ భక్తుడమ్మా. ఆ పదాలు ఎవరో కలిపి ఉంటారు" అన్నారు.

"కలిపినవాళ్లు ఆయనంత బాగా ఎలా రాశారు మాస్టారూ?"

"నిజమే. క్లాసులో ఒక్కటీ చెప్పే ధైర్యం చేయలేదు నేను" అన్నారు.

ఉయ్యూరులో ఇడ్లీ తిని, పామర్రులో దిగి ఆ ఊరికి షేర్ ఆటో పట్టుకున్నాం. దారంతా మినుము చేలు, చేపల చెరువులు. మధ్యాహ్నం కమిటీ వాళ్లు పెట్టిన భోజనం చేసి, గుడి పంతులు గారి వరండాలో నడుం వాల్చాం.

సాయంత్రం కచేరీలో ముందు ఒక కీర్తన పాడాను. తర్వాత పదం ఎత్తుకున్నాను. రాత్రంతా ఇంకొకరి ఇంట్లో ఉండి తెల్లారి వచ్చిన దేవుణ్ణి, వచ్చిన దారినే పొమ్మని ఒకావిడ తలుపు వేసేసే పదం అది. బతిమాలడం లేదు, ఏడుపు లేదు. మగవాడై ఉండి ఆ మాట ఆయన ఎలా రాశాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

కార్యదర్శి గారు చెయ్యి ఊపారు. మైకు ఆగిపోయింది.

"ఆపకు, నేనున్నాగా" అంది లలిత, నా పాట వినబడేలా వయొలిన్ మీద కమాను తేలిక చేస్తూ.

గొంతు పెంచి మళ్లీ ఎత్తుకున్నాను. వెనక వరసల్లో ఆడవాళ్లు లేచారు. వెళ్లిపోతున్నారనుకున్నాను. కుర్చీలు లాక్కుని స్టేజీ ముందుకొచ్చి కూర్చున్నారు. చరణం మళ్లీ పాడాను.

కిందికి దిగగానే కార్యదర్శి గారు ఎదురొచ్చారు. "వచ్చే ఏడు మిమ్మల్ని పిలవలేమండీ."

"పిలిస్తే స్టేజీ మీద పాడతాను. లేకపోతే ఊళ్లో ఉన్న పదకర్త గారి విగ్రహం ముందు కింద కూర్చుని పాడతానండీ. మానడం మాత్రం ఉండదు."

ఆయన ఏదో అనబోతుంటే ఒకావిడ మధ్యలోకి వచ్చింది. "అమ్మగారూ, ఆ తలుపేసే పాట మాకూ చెబుతారా?"

అక్కడే ఇసకలో కూర్చున్నాం. పామర్రు వెళ్లే ఆటో హారన్ కొట్టేలోపు పల్లవి వచ్చేసింది వాళ్లకి. తిరుగు బస్సులో లలిత నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర రాలేదు, బెంగా లేదు. ఇన్నాళ్లూ ఆ పదకర్తని దండల చాటున దాచేశారనిపించింది.

మీరెప్పుడైనా ఆ ఊరు వెళితే విగ్రహానికి దండం పెట్టి వచ్చేయకండి. ఒక పదం పాడమని అడగండి. వద్దంటే మీరే ఎత్తుకోండి.