డ్రమ్ము పక్క బల్ల

మా ఆయన మాట్లాడతారన్న వార్త నాకు మొదట తెచ్చిన మనిషి మా ఎదురింటి వదిన. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని ఆమెది. ఒకనాటి మధ్యాహ్నం డ్యూటీ అయిపోయి మా తొండుపల్లికి వచ్చి, తన ఇంటి తాళమైనా తీయకుండా నేరుగా మా గడప మీద కూర్చుంది. ముందురోజు సాయంత్రం ఆమె చెల్లెలి కూతురి పెళ్ళి బారాత్ జరిగింది. నా కాలు బాగాలేక నేను పోలేదు. ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చారు.

"వదినా, అన్న బ్యాండు పక్కపొంటి నడుసుకుంట ఒకటే ముచ్చట్లు. నవ్వలేక సచ్చినం. మనిషి గింత మాటకారి అని ఒక్కనాడన్న చెప్పినవా నువ్వు?" అంది.

నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. తీసిన గింజలను మళ్ళీ పండులోనే వేస్తున్నానని ఆమె వెళ్ళిపోయాక చూసుకున్నాను. మా ఇంట్లో ఆయన నోట నిండు మాట విని అప్పటికి మూడేళ్ళు దాటింది.

పోట్లాట ఏమీ లేదు. ఉంటే బాగుండేది, ఎక్కడ మొదలైందో తెలిసేది. ఆయన కాటేదాన్‌లో స్టీలు గిన్నెలు వత్తే మిషను మీద పాతికేళ్ళుగా పనిచేస్తున్నారు. సాయంత్రం వస్తారు, స్నానం చేస్తారు, తింటారు, వాకిట్లో కుర్చీ వేసుకుని దిగే విమానాలను చూస్తూ కూర్చుంటారు. నేను ఏదైనా అంటే ఒక్క క్షణం నా ముఖం వైపు చూసి తల దించుకుంటారు. విసుక్కోరు, కోపపడరు. ఆ తల దించుకోవడమే నన్ను కోసేది. కోపమైతే బతిమాలుకోవచ్చు. మర్యాదను ఏం చేస్తాం?

నేను గొంతు పెంచే మనిషిని కాను. చిన్నప్పుడు కాలు బలహీనంగా ఉండేది, బడి దూరం. అందుకని మా నాయన పొలం నుంచి వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చర్చిలో పాడే పాటల పుస్తకం మీదే అక్షరాలు నేర్పాడు. నేను గట్టిగా చదివితే నా వీపు మీద చెయ్యి వేసేవాడు. "దేవునికి మంచిగ ఇనబడ్తది బిడ్డా, మెల్లగ అడుగు," అనేవాడు. చదువు, ప్రార్థన, మాట మూడూ నాకు ఆ మెల్లని గొంతులోనే వచ్చాయి. ఆ చెయ్యి కోసం ఇప్పటికీ దేవునికి వందనాలు చెప్పుకుంటాను.

వదిన తెచ్చిన వార్త నాకు వెంటనే సంతోషం కాలేదు. ఊళ్ళో అందరికీ పంచడానికి ఆయన దగ్గర మాటలున్నాయి, నా వంతుకే లేవు. నా వల్ల ఏం తప్పు జరిగిందో చూపించమని ఆ సాయంత్రం ప్రార్థనలో అడిగాను.

తప్పు కనబడలేదు గాని, ఆదివారం శంషాబాద్ పోయే బస్సులో ఒక సంగతి జరిగింది. ఇంజను మీద సీటు, చెవులు పగిలే మోత. నా సంచి జారుతుంటే పట్టుకొమ్మని గట్టిగా అరవాల్సి వచ్చింది. ఆయన వెంటనే, "ఇగో, నాకియ్యి. నువ్వు నీ కాలు చూసుకో," అన్నారు. ఆ మాట నా ఒళ్ళో పడిన పువ్వులాగా పట్టుకు కూర్చున్నాను. స్టాండులో బస్సు ఆగింది, ఇంజను ఆపారు. చిన్నగా, "ఎండ ఎక్కువున్నది," అన్నాను. ఆయన నన్ను చూసి తల దించుకున్నారు.

అప్పుడు నాకు తోచింది, ఈయనకు కావలసింది సందడి అని. కూతురు పెళ్ళై షాద్‌నగర్ పోయాక మా ఇంట్లో మిగిలినవి రెండు కుర్చీలు, ఒక గడియారం. పగలంతా మిషన్ల మధ్య బతికే మనిషికి నేను ఇంట్లో పూటపూటా మౌనం వడ్డిస్తున్నాను. బ్యాండు పక్కన, బస్సు ఇంజను పక్కన ఆయనకు మాట వస్తోంది. అలాంటి చోటు వెతికి అక్కడికి తీసుకుపోవాలి. అక్కడ కూడా నాతో మాట్లాడకపోతే అప్పుడు అనుకోవాలి, ఆయన నన్ను విడిచిపెట్టేశారని. ఒక్క కప్పు కింద ఉండి కూడా మనుషులు విడిచిపెట్టుకోవచ్చు గదా.

వదినతో చెప్పాను. "గంతేనా? పాటగాళ్ళు ఉండే హోటల్‌కు తోల్కపో. మా తాన క్యాబ్ డ్రైవర్లను అడుగుత, ఏడ ఏమున్నదో వాళ్ళకు ఎరుక," అంది. రెండు రోజుల్లో మూడు చోట్లు కనుక్కుని వచ్చింది. ఆమె చెబుతుంటే క్యాలెండరు వెనక రాసుకున్నాను. చర్చి, కూరగాయల మార్కెట్ తప్ప ఎరగని నేను, యాభై దగ్గరికొచ్చి పాటల హోటళ్ళ పేర్లు రాసుకుంటున్నానంటే నాకే నవ్వొచ్చింది. తప్పైతే ఆపమని దేవుణ్ణి అడిగాను. ఆపలేదు.

మొదటి శనివారం పోయింది పెద్ద రోడ్డు పక్క మేడ మీది హోటల్. పాట ఉంది, నిజమే. కానీ పాడే ఆయన కళ్ళు మూసుకుని పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు పాడుతున్నారు. బల్లల మీద కొవ్వొత్తులు. నా పళ్ళెంలో ఏముందో తడుముకుని తెలుసుకున్నాను. చుట్టూ జంటలు చెవుల్లో చెప్పుకుంటున్నాయి. పాట ఎలా ఉందని అడిగాను. ఆయన తల దించుకున్నారు. ఇంటి మౌనాన్నే ఆటో ఎక్కించి తెచ్చినట్టయింది.

రెండోచోట బయట 'లైవ్' అని పెద్ద అక్షరాలు వెలుగుతున్నాయి. కూర్చుని చాలాసేపు చూశాం. ఒకాయన పెనం ముందు నిలబడి దోసెలు పోస్తున్నాడు గాని పాటగాళ్ళ జాడ లేదు. పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగితే ఆయన గరిటె పైకెత్తి, "పాట ఏంది అక్కా, ఈడ దోసె లైవ్," అన్నాడు. నా ముఖం చూసి మా ఆయన కళ్ళతో నవ్వారు. దోసె బాగుంది. ఆ నవ్వు కోసం కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మూడోది శంషాబాద్ దాటాక ఖాళీ ప్లాట్ల మధ్య, ఆరుబయట ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రం నేను నడిచినట్టు ఉండదు, ఎవరో నన్ను ఎత్తుకుని తీసుకుపోయినట్టు ఉంటుంది. ఆకాశం దానిమ్మ తొక్క రంగులో ఉంది. చెట్టు నుంచి చెట్టుకు కట్టిన చిన్న చిన్న బల్బులు ఇంకా పూర్తిగా వెలగలేదు, వెలగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉన్నాయి. మా తలల మీదుగా విమానాలు ఒకటి వెనక ఒకటి దిగుతున్నాయి. ఎంత కిందికి వస్తాయంటే, పొట్ట కింద దీపం వెలిగి ఆరడం కనబడుతుంది. గచ్చు మీద పిల్లలు పరుగెడుతున్నారు. చివర ఒక ఎత్తు అరుగు, దాని మీద ఒక గిటారు, పెద్ద డ్రమ్ముల సెట్టు, జడలో చామంతులు పెట్టుకుని బొద్దుగా ఉన్న ఒక ఆడమనిషి. నా వయసే ఉంటుంది. నోరు తెరిస్తే పాట నేల మీద నుంచి లేచి మన కాళ్ళలోకి ఎక్కుతుంది.

బల్ల చూపించే ఆయన మమ్మల్ని దూరంగా, గోడ పక్కకు తీసుకుపోయాడు. నేను డ్రమ్ము పక్క బల్ల చూపించాను.

"అక్కా, ఆడ గూసుంటే ఒకరి మాట ఒకరికి ఇనబడది," అన్నాడు, మా మేలు కోరి.

"అదే గావాలె," అన్నాను. అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

కూర్చున్నాం. డ్రమ్ము దెబ్బకు గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. అన్నం వచ్చింది. నేను బల్ల మీదికి వంగి, నా జీవితంలో ఎవరి మీదా అరవనంత గట్టిగా, "సల్లగైతది, తిను," అన్నాను.

"నువ్వు గూడ తిను. ఇగో ఈ ముక్క మెత్తగున్నది," అని నా పళ్ళెంలో వేశారు.

ఇక ఆగలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కుక్క ఈనిందట, ఏడు పిల్లలట. కొత్తగా వచ్చిన మేస్త్రీ టిఫిన్ డబ్బా తెచ్చుకోవడం రోజూ మరిచిపోతాడట. నా చేతి వంకాయ కూర వాసన చూసి అందరూ ఆయన చుట్టూ చేరతారట. మూడేళ్ళ మాటలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి. నేను తినడం మరిచిపోయాను. ఆ ధైర్యంతోనే, మనసులో ఉన్నది ఉన్నట్టు అరిచాను. సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది, డ్రమ్ము ఆగింది.

"ఇంట్ల నాతోని ఎందుకు మాట్లాడవు నువ్వు?"

గచ్చంతా విన్నది. పక్క బల్ల వాళ్ళు చెంచాలు ఆపారు. పాడే ఆమె మైకు పట్టుకుని నా వైపు చూసింది. సిగ్గుతో నేను చచ్చిపోయాను. నా పాత గొంతులోకి వెళ్ళిపోయి, "ఏం లేదు, ఊకె అన్న," అని గొణిగాను.

ఆయన నా ముఖం చూశారు. తల దించుకున్నారు. ఈసారి పక్క నుంచి లైటు పడుతోంది, అందుకని ఇంట్లో ఎన్నడూ చూడనిది చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. బల్ల కింద రెండు చేతులూ దగ్గరికి వచ్చి కలుసుకున్నాయి.

ఇంకో పాట మొదలైంది. డ్రమ్ము మోగింది. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను, తల ఎందుకు దించావని.

"ప్రార్థన చేస్తున్నవు గద," అన్నారు, అది కూడా అడగాలా అన్నట్టు. "నీ పెదవులు కదులుతయి, సప్పుడుండది. ఇంట్ల ఎప్పుడు సూసినా గంతే. దేవునితోని మాట్లాడుతుంటె నడుమ నేనెందుకని ఊకున్న."

ఒక విమానం మా మీదుగా పోయింది.

"మూడేండ్ల సంది నువ్వే నాతోని మాట్లాడుతలేవు," అన్నారు ఆయన, నా చెవి దగ్గరికి వంగి, ఫిర్యాదు లేకుండా. "ఏం కష్టముందో, దేవునికే చెప్పుకుంటున్నది అనుకున్న. నువ్వు పెదవులు కదిపినప్పుడల్లా నేను మనసుల ఆమెన్ అన్న."

నేను ఏడ్చానో నవ్వానో చెప్పలేను. నీళ్ళు కాగాయన్న మాటకు, మోకాలు నొస్తోందన్న మాటకు, గ్యాసు అయిపోయిందన్న మాటకు ఆయన మూడేళ్ళు ఆమెన్ అన్నారు. ఆయన నన్ను విడిచిపెట్టారేమోనని నేను భయపడిన ప్రతి సాయంత్రం, ఆయన నా పక్కన కూర్చుని నా ప్రార్థనలో ఏకీభవిస్తున్నారు. నేను చేయని ప్రార్థనలో. అవి కూడా దేవుడు విన్నాడనే నా నమ్మకం.

పాట అయ్యాక ఆ చామంతుల ఆమె అరుగు దిగి వచ్చి, అన్న ఏమన్నడు అని అడిగింది. మాట్లాడిండు, అన్నాను.

ఆ తర్వాత దవాఖానకు పోయాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, చెవి లోపలి చిన్న ఎముక బిగుసుకుపోయిందని చెప్పింది. ఇలాంటి వాళ్ళలో కొందరికి మోత మధ్యే మాట బాగా వినబడుతుందట. అక్కడ ఎదుటివాళ్ళు గొంతు పెంచుతారు కదా, అంది. వినికిడి తగ్గిందని ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్ను అడిగితే, ఫ్యాక్టరీలో మాటలన్నీ బాగానే వినబడుతున్నాయి, ఇల్లే నెమ్మదించింది అనుకున్నానని చెప్పారు. చెవి వెనక పెట్టుకునే చిన్న మిషను ఇచ్చారు. పెట్టుకున్న రోజు మొదట విన్నది మా గడియారం. "ఇది ఎప్పుడు కొన్నం?" అని అడిగారు.

శనివారాలు మాత్రం మానలేదు. ఆ బల్ల చూపించే ఆయన ఇప్పుడు మమ్మల్ని ఏమీ అడగడు, డ్రమ్ము పక్కనే రెండు పళ్ళేలు పెడతాడు. మా ఆయన చెవి మిషను తీసి జేబులో వేసుకుంటారు. నేను అరుస్తాను. మా మీదుగా విమానాలు దిగుతుంటాయి. ఏ దేశాల నుంచో వచ్చే వాళ్ళకు పైనుంచి మా బల్బులు కనబడతాయా అని ఆయన అడుగుతారు. కనబడతాయనే చెబుతాను.

ఇది చదివిన వారిని ఒకటి కోరుకుంటున్నాను. మా ఎదురింటి వదిన కాళ్ళ నరాలు ఉబ్బిపోయాయి. రోజంతా తడి నేల మీద నిలబడే పని. ఆపరేషన్ అన్నారు, ఆమె భయపడి వాయిదా వేస్తోంది. ఆ రోజు ఎండలో తాళం తీయకుండా నా గడప దాకా నడిచి వచ్చిన కాళ్ళు అవి, నాకు వార్త తెచ్చిన కాళ్ళు. దయచేసి మీ ప్రార్థనలో ఆమెను జ్ఞాపకం చేసుకోండి. మెల్లగా చెప్పినా దేవునికి వినబడుతుంది, మా నాయన మాట అబద్ధం కాదు. కానీ మీ పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే, వాళ్ళకు కూడా వినబడేలా కాస్త గట్టిగా చెప్పండి.